సున్న

ముప్పై ఒక్క ఏండ్లు శాసనాలకు ముద్రలు తీసిన.
చదువుడు నా కొలువు కాదు.
రాయిని కడుగుడు, తడికాగితం పరుసుడు,
అక్షరం గుంతలకు దిగేదాక కుంచెతోని కొట్టుడు,
ఆ తర్వాత సిరా గుడ్డ.
రాయి నల్లగ వస్తది, అక్షరం తెల్లగ మిగుల్తది.
సిరా అందని చోటునే సార్లు చదువుతరు.

పరకాల దాటినంక ఒక ఊరు, పేరు చెప్ప.
మత్తడి పక్కన నిలువెత్తు రాయి,
నాలుగు దిక్కుల రాత, ఒక దిక్కు సగం పెచ్చులూడింది.
మే నెల. జీపు డ్రైవరు తుమ్మ నీడల పండుకున్నడు.
పదిహేడో వరుస కాడ
ఒక ద్విపద పాదం, అండ్ల ఒక్క మాట.

తౌటం మార్కండేయ సారు చదివిండు:
'మంది బెట్టి తవ్వించె.'
నస్రీన్ మేడం చదివింది:
'మది బెట్టి తవ్వించె.'
నడుమ ఒక్క సున్న.
సున్న ఉంటే ఊరు ఊరంత గంపలెత్తింది,
సున్న లేకుంటే దొర మనసు పెట్టిండు.
చెరువు మాత్రం అదే చెరువు.

పదకొండేండ్లు కొట్లాడిండ్రు.
హన్మకొండల సభ అయితే
ఒకరు ముందు వరుసల, ఒకరు తలుపు కాడ.
మేడం అంటది: గణం తప్పుతది సారూ,
'మది బెట్టి' అంటే సలం, సక్కగ కూసుంటది,
మీ మంది వస్తే పాదం కుంటుతది.
సారు అంటడు: కుంటనీయి మేడం,
నెత్తిన మట్టిగంప ఉన్నోని నడక
గణాల పడుతదా?

సారు తాత వెట్టికి పోయినోడు,
సచ్చేదాక నడినెత్తిన ఎంట్రుక మొలవలేదట.
మేడం నాయిన ఉర్దూ పంతులు,
పిల్లల పద్యాలకు తూకం దిద్ది దిద్ది కండ్లు పోగొట్టుకున్నడు.
ఇద్దరు అబద్ధమాడేటోళ్లు కారు.
ఎవరి కండ్లతోని వాళ్లు చూసిండ్రు అని
శానమందికి చెప్పుకుంట తిరిగిన నేను,
ఆ కండ్లు పడ్డది నా కాగితం మీద అన్న సంగతి మరిచి.

రిటైరైనంక ఒక రాత్రి, మట్టెవాడ ఇంట్ల,
కరెంటు పోయి, చెమటకు మెలకువొచ్చి,
యాదికొచ్చింది.
ఆనాడు ఆ వరుస మీదికి ఒంగితే
ముక్కు కొస నుంచి ఒక చుక్క రాలింది.
తడిసిన చోట సిరా అంటదు.
తెల్లగ, గుండ్రంగ మిగుల్తది.

రాలిందా? ఆ వరుస మీదనేనా?
ఆ ఎండల వంద చుక్కలు రాలినయి.
యాది కూడ ముద్రే కదా,
ఎక్కడ గట్టిగ కొడితే అక్కడనే దిగుతది.

తెల్లారి బస్సెక్కి పోయిన.
రాయి ఉన్నది. దాని మీద తడి దుప్పటి ఉన్నది.
చాకలి రాజవ్వ నన్ను గుర్తువట్టింది:
'ఇంకా ఒడువలేదా మీ సదువు?'
దుప్పటి ఎత్తి వేలు పెట్టి చూసిన.
గుంత ఉన్నది.
గుండ్రంగనే ఉన్నది.
ఉలి కూడ గుండ్రంగనే తొలుస్తది, వాన కూడ.
వేలు తీసిన, మళ్ల పెట్టిన.
'జల్ది కానియ్, మబ్బు పట్టింది' అన్నది రాజవ్వ.

ఆఫీసుకు పోయి పాత రిజిస్టరు తీయించిన.
ఊరు, తేది, కొలత, లిపి, రాజు.
అన్ని గడులు నా రాతే, పొందికగ.
చివరి గడి 'విశేషాలు'.
ముప్పై ఒక్క ఏండ్లు ఖాళీ ఇడిసిన గడి.
కొత్త క్లర్కు పిలగాడు అటు తిరిగి ఫోన్ల ఉన్నడు.
రాసిన:

'మిట్టమధ్యాహ్నం. ముద్ర తీసినోడు సిరిపెల్లి ఓదెలు.
బాగ చెమట పట్టింది.
పదిహేడో వరుస మీద ఒక చుక్క పడి ఉండొచ్చు.'

ఉండొచ్చు కింద గీత గీసిన.
చెయ్యి వణికి
గీత జర వంకర వచ్చింది.
దిద్దలే.