నాలుగు నిమిషాల గాలి

కప్పరాడ కొండ కింద నా మైకుసెట్టు షాపు.
ముప్పై ఏళ్ళుగా నాకొచ్చిన విద్య ఒక్కటే,
గొంతు పెంచడం.
పెళ్ళికీ, ఎలక్షనుకీ, అమ్మోరి పండక్కీ
అదే నాబు, కుడివేపుకి తిప్పడమే.

ఓ సాయంత్రం ముగ్గురు గుంటలొచ్చారు.
ఎల్లాజీ, ప్రిస్కిల్లా,
వాళ్ళ వెనక నక్కి గౌరీశ్వరి.
"బాబాయ్, ఓ మైకు కావాల. అద్దె ఇచ్చుకోలేం."
ఏటి పాడతార్రా, అన్నాను.
"పాడం. వింటాం," అంది ప్రిస్కిల్లా.

మైకుతో వినడమేటో నాకు బోధపడలేదు.
మూతి సొట్టపోయిందొకటి మూలనుంటే ఇచ్చాను.
వాళ్ళ ఆస్తి అద్దం పగిలిన ఫోను,
లైబ్రరీ మేష్టారిచ్చిన రూళ్ళ పుస్తకం.

మొదటి వారం పట్టిందంతా పాడైంది.
హార్బరు గాలి మైకులో దూరి
పెద్దపులిలా గుర్రుమంది.
ప్రిస్కిల్లా ఇంటికెళ్ళి తమ్ముడి బడి మేజోడు తెచ్చి
దాని మూతికి తొడిగింది.
ముప్పై ఏళ్ళ మైకువాణ్ణి, నాకు తట్టలేదు.

ఇక కొండంతా వినడం మొదలెట్టారు.
కంచరపాలెం వేపు గూడ్సు పెట్టెలు
ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు,
తెల్లారగట్ల ఓడ కూత,
రెండున్నరకి కుళాయి దగ్గర బిందెల వరస.
నూకరత్నం నూటపన్నెండు మెట్లెక్కుతూ
బిందె దించిన ప్రతిచోటా "అమ్మా" అంటుంది.
పదకొండు చోట్ల.
ఏ మెట్టు మీదో కూడా రాసుకున్నారు.

"నా మూలుగు ఎవరిక్కావాలే?" అందట ముసల్ది.
"న...న...నాకు," అంది గౌరీశ్వరి.
నత్తని బళ్ళో పద్యం కూడా చెప్పనివ్వని పిల్ల.

కత్తిరించే పని ఆ పిల్లే నేర్చుకుంది,
నా షాపు అరుగు మీద, నా కరెంటుతో.
ముందు తన నత్తే కోసేసింది.
ప్రశ్న నున్నగా వచ్చింది, కొత్త గాజులా.
మర్నాడు మళ్ళీ అతికిస్తోంది.
ఎందుకే అంటే తలెత్తకుండానే,
"మా...మామ్మ 'అమ్మా' ఉంచేసి
నాది తీసేత్తే ఎలా బాబాయ్?"

వార్డు మీటింగులో ఇంజినీరు కాయితం చదివాడు:
రోజు విడిచి రోజు, నలభై ఐదు నిమిషాలు నీళ్ళు.
పెట్టె నేనే మోశాను. అలవాటుగా నా చెయ్యి
నాబు మీదకి పోయింది. ఎల్లాజీ ఆపాడు.
"పెంచకు బాబాయ్. అలాగే ఉండనీ."

గౌరీశ్వరి నొక్కింది.
స్స్స్...
ఒక నిమిషం.
ఇంజినీరు నాకేసి చూశాడు,
"ఏమయ్యా, సెట్టు పాడైందా?"
"సెట్టు బావుందండి."
రెండో నిమిషం. ఎవడో దగ్గాడు.
మూడో నిమిషానికి ఫ్యాను చప్పుడు కూడా వినపడింది.
నాలుగోది అయ్యేటప్పటికి
ఖాళీ బిందె అడుగున
టక్,
ఒక్క చుక్క.
"క...క...కుళాయి సార్. మాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఆయన కళ్ళజోడు తీసి ఏదో రాసుకున్నాడు.
నెలన్నరకి వాల్వు మనిషొచ్చాడు.
ఇప్పుడు పైవీధికి ఇరవై నిమిషాలొస్తున్నాయి, నిజం నీళ్ళు.
నూకరత్నం ఆరుచోట్లే ఆగుతోంది.

అయితే కింద వీధిలో ధార సన్నబడింది.
ఆ ఆడాళ్ళు నా షాపు ముందుకొచ్చి
"నీ పెట్టె వల్లే" అని నా ఏడుతరాలూ కడిగేశారు.
నేను షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

ఎల్లాజీ మాత్రం మైకు పట్టుకుని దిగిపోయాడు.
"మొత్తం చెప్పు పిన్నీ,
తిట్లు కూడా.
ఒక్కటీ కొయ్యం."

మైకు ఇంకా నా షాపుకి తిరిగి రాలేదు. నేనడగలేదు.
నిన్న మెట్ల మీద కనిపించింది,
మేజోడు మారింది,
ఈసారి ఎర్రది.