నవ్వుకో వాయి

వరద తీసిన పదకొండో రోజు
లిస్మోర్‌లోకి మా బండి వెళ్లింది.
నాలుగు వాషింగ్ మెషీన్లు, ఒక జనరేటర్,
రెండు పక్కలా మనిషెత్తు అక్షరాల్లో
మా సబ్బుపొడి పేరు.
కింద రాసిన వాక్యం నాది.
సిడ్నీలో ఏసీ గదిలో కూర్చుని
పదిహేడుసార్లు కొట్టేసి రాసింది.

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు.
మా ఎడమచేతిలో కెమెరా ఉంది.

లెక్క దాచను.
బండికి పెట్టింది ఒక డాలరైతే
బండిని చూపించడానికి పెట్టింది మూడు.
అయినా ఆ కంపు,
చచ్చిన చేపా డీజిలూ నానిన గోడా కలిసిన కంపు,
సబ్బు ఎవరిదని అడగలేదు.
వదిలింది.

బెరిల్ హనిఫోర్డ్‌కి డెబ్బై దాటాయి.
ఒక్కో కాలికి ఒక్కో రంగు గంబూటు.
ఉతికిన తువ్వాలు ముఖానికి ఆనించుకుని
కాసేపు అలాగే ఉండిపోయింది.
కెమెరా కుర్రాడు లాక్లన్‌కి అది అందలేదు.
"ఇంకోసారి చేస్తారా? కొంచెం నవ్వుతూ?"

ఆవిడ తువ్వాలు మడిచింది.
బండి మీద పేరు చదివింది.
నా వాక్యం కూడా చదివింది, పెదవి కదపకుండా.
"ఎన్నాళ్లుంటారు?"
శుక్రవారం దాకా, అన్నాను.
షూటింగు అప్పటికి అయిపోతుంది మరి.

"సరే. నవ్వుకో వాయి.
ఈసారి నవ్వితే పక్కింటి దుప్పట్లు.
మళ్లీ కావాలంటే, అదిగో, ఆ హాలు తెరలు.
దగ్గరగా తీస్తానంటే మాత్రం
బండి ఇంకో రెండు వారాలు."

స్టేడియం పేర్లకి బేరాలాడాను,
క్రికెటర్ల చొక్కా చేతులకి ఆడాను.
ఇంత సూటిగా నాతో ఎవరూ ఆడలేదు.
సిడ్నీకి ఫోన్ చేశాను.
దగ్గరి నవ్వు పనికొస్తుందన్నారు.
బండి పంతొమ్మిది రోజులుంది.

ఇందులో స్వామికార్యం ఎంత, స్వకార్యం ఎంత
విడదీయడం నాకు చేతకాలేదు.
నివేదికలో రెండు గడులు గీశాను.
చూసినవారు: ఇరవై లక్షలు.
ఉతికిన వాయిలు: ఆరువందల నలభై.
రెండో గడి నేను కలిపింది.
ఎవరూ తీసేయమనలేదు,
అదేమిటని అడగనూ లేదు.

నిన్న పారమాటాలో, సూపర్‌మార్కెట్ అరలో
రెండు కిలోల పొట్లం మీద
బెరిల్ నవ్వుతోంది. దగ్గరగా తీసిందే.
చెవి కింద సన్నటి బురద చార ఉండేది.
మావాళ్లు చెరిపేశారు.
సబ్బుపొడి కంపెనీ కదా.