పంటు ఛార్జీ

పంటు మీద రానూపోనూ ముప్పై రూపాయలు.
మూడోసారీ తిరిగొచ్చింది బిల్లు:
'ఈ పద్దు కింద నిధులు లేవు.'

నిరుడు వరదలో గండి పడ్డాక
ఏటిగట్టుకి లారీలకొద్దీ రాయి దింపారు.
పడకముందు పాతిక ఇసుక బస్తాలడిగితే
ఇదే మాట.

లంకలో, రొయ్యల షెడ్డు వెనక,
బయట తాళం వేసిన గది.
లోపల ఆరేళ్ళ నూకరత్నం.
"కొట్టనండీ మేడంగారూ. రాత్రి షిఫ్టు కదా,
ఏరు పక్కనే ఉందని..."
ఐసులో చివికిన వేళ్ళు చీరకి తుడుచుకుంటూ వాళ్ళమ్మ.
'నిర్లక్ష్యం' అనే గడిలో టిక్కు పెట్టాలి నేను.
పెన్ను కదల్లేదు.

ఆవిడ తాళంచెవి తెచ్చేలోగా
తలుపు కింది సందులోంచి
ఆ బిల్లూ, పెన్సిలు ముక్కా లోపలికి తోశాను.
వెనకవైపు ఒక తలుపు గీసి పంపింది పిల్ల.

గొళ్ళెం లోపలికి ఉంది.