ఎంగిలి

నోటుబుక్కులో రెండు గళ్లు గీసుకున్నాను.
ఎడమ గడి గబ్బిలానికి, కుడి గడి తీగకి.
సవాయీ కొండవాలు. ఉదయం తొమ్మిదిన్నర.
రాత్రి కురిసిన వాన
ఇంకా ఆకు మీంచి ఆకు మీదికి దిగుతూనే ఉంది.

చీకటి కోసం కాచుకునే రకం కాదిది.
ఎండెక్కి లోయలో గాలి పొంగగానే
రెక్క ఆడించకుండా తేలుతుంది, ఒంటిగా.
తీగకి తేలడం తెలీదు.
మాను ఎంత పొడుగైతే అంత పొడుగూ పాకి,
పట్టుకోడానికి ఇంకేమీ మిగలని చోట
పూస్తుంది.
రాసుకున్నాను:
రెక్క నిండా వేళ్లే దానికి.
మాను నిండా వేళ్లే దీనికి.
దానికి ఏడాదికి ఒక్క పిల్ల.
దీని గింజలు లెక్కపెట్టబోయి మానేశాను.

కింద మా పెదనాన్న లేఉతు
చేపల బుట్ట అల్లడానికి
ఆ తీగ వేళ్లనే చీల్చి చెక్కు తీస్తున్నాడు.
మా మగవాళ్లు నడుం నుంచి మోకాలి దాకా
పొడిపించుకునే పచ్చబొట్టుకీ గబ్బిలానికీ
ఒకటే పేరు: పెఆ.
ఆయనది వీపు కింద మొదలై
కుడి తొడ సగంలో ఆగిపోయింది.
నాలుగో రోజున చాప మీంచి లేచి వెళ్లిపోయాడట,
అప్పటికి ఇరవై రెండేళ్లు.
ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.
ఎత్తకపోవడంలోనే అంతా ఉంటుంది.

పైన రెక్కల చప్పుడు.
తలకిందులుగా వాలి
నారింజరంగు రేకుల్ని పట్టి చింపి, నమిలి,
రసం మింగి, పిప్పి ఉమ్మేసింది.
మూతి నిండా పసుపు పుప్పొడి.
తుడుచుకోకుండానే ఇంకో మానుకి పోయింది.
కుడి గడిలో రాశాను: నష్టం, ఒకటి.

పెదనాన్న పుస్తకంలోకి తొంగి చూసి
"నష్టమా?" అన్నాడు.
కత్తి మొనతో పక్క మానుని చూపించాడు.
అక్కడో పువ్వు. ఏ పన్నూ తగలనిది, రేకు చెదరనిది,
కాడ మీదే నల్లబడి కుళ్లిపోయింది.
దానికి జానెడు పైన, పోయినసారి చింపిన చోట,
ఎర్రటి కాయ, బొటనవేలంత.

ఆయన ఇంకేమీ అనలేదు.
వాగు దాటేటప్పుడు మాత్రం,
ఎప్పుడూ తడిపేసుకుంటూ నడిచే లావాలావాని
ఈసారి పైకి ఎగ్గట్టాడు.
నల్లటి గీతలు తొడ సగం దాకా వచ్చి ఆగాయి.
ఆ కింద ఉత్త చర్మం, పాత గాటు, నీళ్లు.
నేను చూశాను. చూడనిచ్చాడు.

ఇంటికొచ్చి 'నష్టం' కొట్టేశాను.
ఆ చోట రాయాల్సిన మాట ఇంకా దొరకలేదు.
బుట్టలో రెండు చేపలు
ఇంకా కొట్టుకుంటున్నాయి.