రెండు ముళ్లు

మ్యాప్‌లో ఆ నదికి పేరు లేదు,
ఒక అంకె ఉండేది, అదీ మడతలో అరిగిపోయింది.
మా పెద్దమ్మ ఫిలొమీన్‌కి మాత్రం దాని రుచి తెలుసు.
"సరస్సు చేప వద్దు, బురద కంపు.
పైన దూకే నీళ్లలో వాలైలు పట్టుకురండి.
ఇద్దరూ వెళ్లండి" అంది.
ఆ 'ఇద్దరూ' అన్న మాటని
ఉప్పు డబ్బా పెట్టినట్టు
బల్ల మీద ఠక్కున పెట్టింది.

నాకూ ఆంబ్రోజ్‌కీ మాటల్లేక పదకొండు నెలలు.
కారణం చెబితే నవ్వుతారు. ఒక పడవ మోటారు.
నన్నడక్కుండా మా తమ్ముడు ఎవడికో అరువిచ్చాడు,
ఆ ఎవడో దాన్ని సరస్సుకి దానమిచ్చేశాడు.

దోనెలో నేను ముందు, వాడు వెనక.
ముందు కూర్చుంటే రాళ్లు కనిపిస్తాయి,
వెనక కూర్చుంటే ముందు మనిషి వీపు.
నాలుగు రోజులు నేను రాళ్లతో, వాడు నా వీపుతో గడిపాం.
చెప్పక తప్పనివి తెడ్డుతో చెప్పుకున్నాం:
అంచు మీద ఒక దెబ్బ కొడితే ఎడమకి,
రెండైతే కుడికి,
మూడైతే ఆగు, ఉన్నచోటే ఆగు.
నాన్న నేర్పిన భాష.
తప్పయిందని చెప్పడానికి అందులో దెబ్బ లేదు.

జలపాతం దగ్గర దోనెను బోర్లించి నెత్తికెత్తుకున్నాడు.
నాచునేల మోకాళ్లదాకా మింగి
మనసొప్పనట్టు వదులుతోంది.
మూటలు మోస్తూ వెనకాలే నేను,
చెవుల్లో, కళ్లల్లో, ఆఖరికి పళ్ల సందుల్లో నల్ల ఈగలు.
దోనె కడుపులోంచి వాడి గొంతు డోలులా మోగుతోంది:
పేయక్, నీసో, నిస్తో...
అడుగులు లెక్కపెడుతున్నాడు.
ఇరవై దాకా మా క్రీలో, ఆ పైన ఇంగ్లీషులో.
నాకూ అంతవరకే వచ్చు.

సాయంత్రం సుడి అంచున గాలాలు వేశాం.
వాలై గుంజదు. ముందు
నానిన దుప్పటిలా బరువెక్కుతుంది,
అప్పుడు ఒక్కసారి తల విదిలిస్తుంది.
తొమ్మిది పడ్డాయి. ఒక పైకు నా దారం కొరికి
పసుపు ఎరతో సహా వెళ్లిపోయింది.
వాడు నవ్వాడనుకుంటా, నేను తిరిగి చూళ్లేదు.
రెండింటిని పందికొవ్వులో వేయించుకుని,
పుల్లకి చుట్టి కాల్చిన బానక్ రొట్టెతో తిన్నాం.
మిగిలినవి తాడుకి గుచ్చి, చల్లగా ఉంటాయని
దోనె పక్కనే నీళ్లలోకి వదిలాం.

పొద్దున టెంటు మీద మంచు పేలాల్లా రాలింది.
ఒడ్డున దోనె లేదు.

"నువ్వు కట్టావనుకున్నా."
"నువ్వు కట్టావనుకున్నా."

పదకొండు నెలల తర్వాత మొదటి మాట,
అదీ ఇద్దరికీ ఒకటే.
ఆ తర్వాత గట్టు తెగింది.
మోటారు, మోటారు ఖరీదు, అమ్మ అంత్యక్రియలకి వాడు రాని రోజు,
గనిలో వాడి షిఫ్టు, నా నోరు,
అన్నీ అరుచుకుంటూ ఒడ్డు వెంబడి నడిచాం,
పొదలు మా ముఖాలు చీరుతున్నా ఆగలేదు.

రెండో మలుపులో కనిపించింది.
పడిపోయిన స్ప్రూస్ చెట్టు
చంకలో బిడ్డలా దాన్ని పట్టుకునుంది.
తెడ్లు లోపలే ఉన్నాయి. వాడి టోపీ కూడా.
పక్కన ఒక మింకు కూర్చుని
మా చేపల్లో మూడోదాన్ని తీరుబడిగా తింటోంది.

వాడికి ఈత రాదు. నా నడుముకి తాడు కట్టి
కొస పట్టుకుని రాతి మీద కూర్చున్నాడు.
నీళ్ల హోరు. వాడేదో అరుస్తున్నాడు,
నోరు కదలడం తప్ప ఏమీ తెలియడం లేదు.
అప్పుడు కర్రతో రాతి మీద
మూడు దెబ్బలు.
ఆగాను.
చాచిన కాలి కింద నేల లేదు,
నల్లగా, చల్లగా, నది లోపలికి వెళ్లిపోతోంది.

ఆ రాత్రి దోనెను నేను బిర్చ్ చెట్టుకి కట్టాను.
నేను పడుకున్నానని నమ్మకం కుదిరాక
వాడు లేచి వెళ్లి
నా ముడి లాగి చూసి
దాని మీద ఇంకోటి వేశాడు.

తెల్లారి వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
రెండూ విప్పడానికి చాలాసేపు పట్టింది.