ఇతర కారణాలు

బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగు, మేడ మీద
లాయరు హైమవతి గారి ఆఫీసు.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలంతా ఫైళ్లకే.
"గ్రౌండ్స్ చెప్పు దైవాధీనం" అన్నారావిడ.

పంతొమ్మిదేళ్లు చేశానమ్మా ఆ కోల్డు స్టోరేజీలో.
అది సర్వీసు. గ్రౌండ్ కాదు.
లేబర్ కోర్టు జడ్జిగారు నా మొహమైనా చూళ్లేదు.
అదీ కాదు.
మూడో ఛాంబర్లో కాయ రంగు తిరిగింది
నేను నిద్రపోయి కాదమ్మా, కంప్రెసర్ ముసలిదై.
అది వాస్తవం. వాస్తవాల జోలికి పైకోర్టు ఊరికే రాదు.

నా మొహం చూసి
మిర్చి యార్డు భాషలోకి దిగారు:
"అక్కడ టిక్కీని మళ్లీ కాటా ఎక్కించరయ్యా.
ఇక్కడ కాటా వేశారా,
వేయకుండానే చీటీ రాశారా,
అంతవరకే అడుగుతారు."

అప్పుడు గుర్తొచ్చింది పుస్తకం.
ఆ రాత్రి గంటగంటకీ నేను రాసిన టెంపరేచర్లు.
పదకొండుకి నాలుగు. పన్నెండుకి నాలుగు.
రెండింటికి ఏడు, పక్కనే
'మేస్త్రీకి ఫోన్ చేశాను, ఎత్తలేదు.'
మూడింటికి తొమ్మిది.
ఆ తొమ్మిది తోక వణికింది
చలికో, భయానికో.
నిద్రలో ఎవడైనా తొమ్మిది రాస్తాడా?

ఆవిడ తీర్పు తిరగేశారు.
పుస్తకానికి నంబరైతే వేశారు, డబ్ల్యూ నాలుగని.
ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా దాని ఊసు లేదు.
ఆవిడ పెన్ను మూత తీశారు.
మూడేళ్లలో మొదటిసారి
ఒక అంకె నా పక్కన నిలబడింది.

గుమస్తా సుభానీ ఇంగ్లీషులో కొడుతూ
నా కోసం తెలుగులో చదువుతున్నాడు.
'సదరు పిటిషనరు' అంటే నేనే.
ఆఖర్న, ఎవరూ చెప్పకుండానే ఇంకో లైను:
'విచారణ సమయంలో మనవి చేసుకోబోయే ఇతర కారణాలు.'
అదేంటి సుభానీ?
"అన్నిట్లోనూ ఉంటది బాబాయ్. ఎవరూ చదవరు."

ఎవరూ చదవరంటే ధైర్యమొచ్చింది.
ముచ్చికలు తీసి తీసి
రాత్రిళ్లు తడిగుడ్డ చుట్టుకునే కృపమ్మ వేళ్లు,
రోహిణి కార్తెలో కూడా పారేయలేని కంపెనీ స్వెట్టరు,
"దొంగతనమేం చెయ్యలేదుగా, నిద్రపోయాడంతే" అని
నన్ను వెనకేసుకొచ్చిన బావమరిది,
అన్నీ చప్పుడు కాకుండా
ఆ లైన్లోకి నెట్టేశాను.

సంతకం పెట్టమన్నారు.
పెట్టి,
చెయ్యి ఊరుకోక
పక్కనే టైము కూడా వేశాను.
నాలుగుంబావు.