గ్రోసు

మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా
గడ్డపార ముందు గుల్లకే తగులుతుంది.
ముప్పై ఏళ్ళుగా నీళ్ళ పైపులు వేస్తున్నవాణ్ణి, నాకు తెలుసు:
మూడడుగుల మట్టి, దాని కింద ఆల్చిప్పలు,
ఒక్కోదానికి నాలుగో ఐదో గుండ్రటి బెజ్జాలు,
బిళ్ళలు కోసుకోగా మిగిలిన పిండిలా.

ఆ బెజ్జాల్లోంచి పోయినవే బొత్తాలు.
బొత్తాల్లోంచి వచ్చిందే మా ఊరు:
చర్చి గంట, రెండంతస్తుల బడి,
మిసిసిపీ ఒడ్డున ఎర్రిటుకల గోడ.

మా ముత్తాత లోరెంజ్ ఆల్బ్రెక్ట్
రెండు చొక్కాలతో పడవ దిగాడు,
రెంటికీ కొమ్ము బొత్తాలు.
రోజుకి పది గంటలు రంపపు గొట్టం ముందు.
వేళ్ళకి నానిన గుల్ల, ముక్కులో తెల్ల పొడి.
తెగిపోయిన చూపుడువేలి కొస
ఏ దొరసాని జాకెట్టుకి కుట్టారోనని
తనే అని తనే నవ్వేవాడట.

గ్రోసంటే పన్నెండు డజన్లు.
లోకమంతటా నూట నలభై నాలుగు,
మా ఫ్యాక్టరీలో నూట అరవై ఎనిమిది.
పైన ఇరవై నాలుగూ విరిగినవాటి కింద జమ,
అనేవాడు గుమస్తా ఫెన్నిమోర్ కళ్ళజోడు తుడుచుకుంటూ.
ఆ ఇరవై నాలుగు కోసం ఒక చలికాలం
ఊరు రెండుగా చీలింది.
గేటు మూశారు. గుర్రాల మీద పోలీసులొచ్చారు.
రొట్టెలవాడు అప్పు రాయడం మానేశాడు.
మంచు కరిగాక గేటు తెరిచారు.
మళ్ళీ నూట అరవై ఎనిమిదే.

నాయనమ్మ ఒటీలియా ఏడేళ్ళప్పుడే
వంటింటి బల్ల దగ్గర అట్టలకి బొత్తాలు కుట్టేది.
అట్టకి పన్నెండు. కిరసనాయిలు మనదే.
చచ్చేదాకా ఆవిడ ఏది లెక్కపెట్టినా,
గుడ్లైనా మెట్లైనా మందుబిళ్ళలైనా,
పన్నెండు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేది.

తర్వాత నదిలో గుల్లలు అయిపోయాయి.
తర్వాత ప్లాస్టిక్ వచ్చింది.
ఈ రెండు వాక్యాల మధ్య నలభై ఏళ్ళున్నాయి,
వాటి గురించి ఎవరూ మాట్లాడరు.
ఎండాకాలం ఆ గోడ పక్కన నడిస్తే
గుల్లలు ఉడికిన కంపు ఇంకా కొడుతుందంటాడు మా మేస్త్రీ.
నాకు కొట్టదు.

మొన్న శుక్రవారం రేవు దగ్గర
యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్ల, మారిబెల్,
ఐసు పెట్టెలో గోరంత ఆల్చిప్పలు తెచ్చింది,
నదిలో వదలడానికి.
పన్నెండు వరసలు, వరసకి పన్నెండు,
కాస్త సాయం పడతారా అంది.

మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి
ఇసకలో ఒక్కొక్కటే గుచ్చాను.
వరసలన్నీ అయ్యాయి.
కాగితం మీద రాసుకుని తలెత్తింది.
నేనింకా గుచ్చుతూనే ఉన్నాను,
పైన ఇరవై నాలుగు.